డ్రైవర్ సాబ్ కొత్త నంబర్

ఇబ్రహీంపట్నం బస్ డిపో నుంచి మార్కెట్ వైపు నడిస్తే, ఎరువుల దుకాణానికీ సెల్‌ఫోన్ల షాపుకూ మధ్య ఇరుక్కున్న చిన్న షట్టర్ ఒకటి కనిపిస్తుంది. పైన 'రాణి లేడీస్ టైలర్' అని రాసి ఉంటుంది. ఆ రాణి అసలు పేరు ఉమారాణి. చేతి పనిలో ఎంత నికార్సయిన మనిషో, తుంటరితనంలో కూడా అంతే.

ఆ తుంటరితనం చిన్నప్పటిదే. తండ్రి పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు. కట్ట మీద కూర్చుని ముచ్చట్లలో మునిగిన ఆయన స్నేహితుల పంచె కొంగులను ఈ పిల్ల వల దారంతో ఒకదానికొకటి కట్టేసేది. వాళ్లు లేవబోయి ఒకరి మీద ఒకరు పడుతుంటే, దూరంగా బుద్ధిమంతురాలిలా గవ్వలు ఏరుకుంటూ కనిపించేది. పెద్దయ్యాక దారం మారింది గాని బుద్ధి మారలేదు. ఎన్నిసార్లు సరిచేసినా "ఇంకొంచెం లూజు, కాదు ఇంకొంచెం టైటు" అని సతాయించే ఒకావిడ జాకెట్ లోపలి లైనింగ్ మీద, ఎర్రదారంతో 'ఇప్పుడు సరిపోయిందా తల్లీ?' అని కుట్టి ఇచ్చింది. ఆవిడ కొన్ని నెలల తర్వాత ఇస్త్రీ చేస్తూ అది చూసి, కొట్లాడదామని వచ్చి నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

కష్టం తెలియని మనిషేమీ కాదు. పెళ్లయిన కొద్ది ఏళ్లకే లారీ గుద్ది భర్త పోయాడు. అన్న శివయ్య వెళ్లి తీసుకొచ్చి తన ఇంటి మేడ మీది గది ఇచ్చాడు. శివయ్య తుక్కుగూడ వైపు వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెడతాడు, పగలంతా ఇంట్లో ఉండడు. ఆయన ఒక్కగానొక్క కూతురు పెళ్లయి నల్లగొండలో ఉంటుంది. అందుకని ఇంట్లో మిగిలేది ఉమారాణి, ఆమె వదిన కమలమ్మ. ఇద్దరూ పొద్దున కూర దగ్గర కొట్లాడుకుంటారు, సాయంత్రం ఒకే చాప మీద కూర్చుని సీరియల్ చూసి కళ్లు తుడుచుకుంటారు. కమలమ్మకు ఒకటే జబ్బు. వాడలో ఏ ఇంట్లో ఏం జరిగినా అందరికంటే ముందు తనకు తెలియాలి.

ఉమారాణికి నలభై దాటాక ఒకరోజు షాపు ముందు ఖాకీ బట్టల మనిషి ఒకడు ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. పేరు రాంచంద్ర, డిపోలో డ్రైవర్. ఇల్లు మీర్‌పేట్‌లో. భార్య పోయి చాలా కాలమైంది.

"ఇది లేడీస్ షాపు. బోర్డు సదువలేదా?" అంది ఉమారాణి మిషన్ మీంచి తల ఎత్తకుండానే.

"సదివిన మేడం. కానీ ప్యాంటుకేం తెలుస్తది లేడీసో జెంట్సో? జర నడుం కాడ వదులు చెయ్యుండ్రి."

"లోపల బట్ట మిగిలుంటే వదులైతది. లేదంటే బిర్యానీ తగ్గించినా అయితది."

రాంచంద్ర పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు ఎరువుల దుకాణం వాళ్లు తొంగి చూశారు. మరో వారం చొక్కా గుండీ ఊడిందని వచ్చాడు. ఆ తర్వాత ఇంకో గుండీ. ఆ గుండీ ఊడినట్టు లేదు, పళ్లతో తెంపినట్టు ఉంది. ఉమారాణి అది కనిపెట్టింది. మామూలు దారంతో కుడితే మళ్లీ తెంపుకొస్తాడని ఈసారి వల దారంతో కుట్టి పంపింది. ఇక గుండీలు తెంపడం కుదరక, నంబర్ అడిగాడు.

అలా మెసేజ్‌లు మొదలయ్యాయి. వాటిని ప్రేమలేఖలు అనడానికి నోరు రాదు. 'బస్ స్టార్ట్.' 'రీచ్ అయిన.' 'తిన్నవా.' అంతే. ఆ 'తిన్నవా' అన్నదాన్ని మాత్రం ఉమారాణి రెండోసారి కూడా చదువుకునేది. ఫోన్‌లో ఆయన పేరు 'డ్రైవర్ సాబ్' అని పెట్టుకుంది.

చిక్కల్లా ఇంట్లో వచ్చింది. ఫోన్ టీవీ పక్కన పెట్టి స్నానానికి వెళితే, కింది నుంచి కమలమ్మ కేక వేసేది.

"ఉమా! ఎవరో డ్రైవర్ సాబ్ అంట, బస్ స్టార్ట్ అంటుండు. నువ్వేడికన్న పోతున్నవా ఏంది?"

"యూనిఫాం ఆర్డర్ వదినా!" అని బాత్‌రూంలోంచి అరిచేది ఉమారాణి.

"యూనిఫాం తిన్నవా అని గూడ అడుగుతదా?"

ఇలా కాదని, ఉమారాణి నిర్మలను పట్టుకుంది. నిర్మల ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. జాకెట్లన్నీ ఇక్కడే కుట్టించుకుంటుంది. ఆ సాయంత్రం హుక్కులు వేసే దాకా ఆగమని కూర్చోబెట్టి ఉమారాణి మెల్లగా కదిపింది.

"మేడం, ఇద్దరు ఫోన్ల రాసుకున్నది నడుమల ఎవరన్న సదువుతరా?"

"ఎవరిద్దరు ఉమక్కా?"

"ఇద్దరంటే ఇద్దరే. మీరు పాఠం చెప్పుండ్రి, హాజరు తీసుకోకుండ్రి."

నిర్మల నవ్వి చుట్టూ చూసింది. షట్టర్ పక్క గోడకు ఒక రేకు పెట్టె బిగించి ఉంది. షాపు మూసి ఉన్నప్పుడు, కాలేజీలకు పోయే ఆడవాళ్లు జాకెట్ ముక్కలు కవర్లో పెట్టి దాని సందులోంచి జారవిడిచి పోతారు. దాని తాళంచెవి ఉమారాణి దగ్గర మాత్రమే ఉంటుంది.

"గా పెట్టెల ముక్క ఎవరన్న ఏయొచ్చు గదా? ఏసినోళ్లు గూడ మళ్ల తియ్యలేరు. నీ చెవి ఉంటెనే తెరుచుకుంటది. ఫోన్ల గూడ గట్లనే. నీ ఫోన్ తన కోసం రెండు చెవులు తయారు చేసుకుంటది. ఒకటి అందరికీ పంచుతది. దాన్ని పబ్లిక్ కీ అంటరు. దాంతోని మూసుడే గని తెరుసుడు కాదు. రెండోది నీ ఫోన్ దాటి బయటికి రాదు. నీకు రాసేటోళ్లు పబ్లిక్ కీతోని మూసి పంపుతరు, నీ ఫోన్ లోపలున్న చెవితోని తెరుస్తది. నడుమల మోసేటోళ్లు మోసుడే తప్ప లోపలేమున్నదో చూడలేరు. దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటరు."

"మూసే చెవి లోకానికంతా పంచితే, దాన్ని పట్టుకొని తెరిచే చెవి చేసుకోరా ఎవరన్న?"

"అండ్లనే ఉంది లెక్కలోళ్ల తెలివి. రెండు పెద్ద అంకెలు గుణించుడు అల్కగ అయితది. గుణించినంక వచ్చినదాన్ని చూసి గా రెండు అంకెలేందో చెప్పుమంటే ప్రాణం పోతది. గట్లాంటి లెక్క మీద కట్టిండ్రు."

ఉమారాణి హుక్కు కుట్టడం ఆపి ఆలోచించింది. "మంచిదే. మరి గింత పెద్ద లెక్కలు చేస్తే, మా వదిన ఎట్ల సదువుతుంది?"

నిర్మలకు నవ్వాగలేదు. "పెట్టెల ఉన్నంతసేపే తాళం అక్కా! నువ్వు తీసి టీవీ పక్కన పరిస్తే లెక్కలేం చేస్తయి? మీ వదిన కండ్లకు ఎన్‌క్రిప్షన్ లేదు. ఫోన్‌కు నీ వేలిముద్ర పెట్టుకో. పైన మెసేజ్ కనపడకుండ చేసుకో."

ఆ రెండు పనులూ నిర్మలతో అక్కడే చేయించుకుని ఉమారాణి ఇంటికి వెళ్లింది. మరునాడు ఫోన్ మోగగానే కమలమ్మ అలవాటుగా ఒంగి చూసింది. 'ఒక సందేశం' అని తప్ప ఏమీ లేదు. వేలు పెట్టి చూసింది. తెరుచుకోలేదు.

"ఫోన్‌కు తాళమేందే? బంగారమున్నదా అండ్ల?"

"దొంగలు మస్తయిండ్రు వదినా."

కమలమ్మ మొహం మాడ్చుకుంది. ఆ పూట సీరియల్‌లో అత్త కోడలికి విషం పెడుతున్నా ఆమె మనసు అక్కడ లేదు.

శివరాత్రికి స్పెషల్ బస్సులని రాంచంద్రను శ్రీశైలం డ్యూటీకి పంపారు. అడవి దారి, సిగ్నల్ ఉండదు. 'బస్ స్టార్ట్' వచ్చిన తర్వాత ఇంకేమీ రాలేదు. అప్పుడే ఉమారాణి ఫోన్‌కు ఒక కొత్త నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఫొటోలో రాంచంద్రే, మెడలో పూలదండతో. ప్రమాదం చేయని డ్రైవర్ అని ఆ మధ్య డిపోలో సన్మానం చేసినప్పటి ఫొటో అది.

'ఉమా, నా ఫోన్ నీళ్లలో పడిపోయింది. ఇది నా కొత్త నంబర్. నీతో మాట్లాడక నా హృదయం తహతహలాడుతోంది.'

పైన, మీ ఇద్దరి మధ్య మాటలు ఎన్‌క్రిప్షన్‌తో భద్రంగా ఉన్నాయని యాప్ రాసిన గమనిక ఉంది. ఉమారాణి దాన్ని చూసి నిశ్చింతపడింది. ఆ తహతహ చూసి మాత్రం ఆశ్చర్యపోయింది. శ్రీశైలం గాలికి ఇంత మహిమ ఉంటే ఆయన్ని ఎప్పుడో పంపాల్సింది అనుకుంది.

ఆ మనిషి ఇప్పుడు పువ్వుల గురించి రాస్తున్నాడు, వెన్నెల గురించి రాస్తున్నాడు. నడుమ నడుమ ప్రశ్నలు వేస్తున్నాడు. 'మనం మొదట ఎక్కడ కలిశామో గుర్తుందా?' 'మన సంగతి మీ వదినకు చెప్పావా?'

'ఆమెకు చెప్తే డప్పు కొట్టేటోనికి పని ఉండదు' అని రాసింది ఉమారాణి.

ఆ మధ్యాహ్నం కింద వంటింట్లో గిన్నెలు ఎందుకో మామూలుకంటే గట్టిగా మోగాయి. ఉమారాణి పట్టించుకోలేదు.

జాకెట్ తీసుకోవడానికి వచ్చిన నిర్మలకు ఈ వైభవం చూపించకుండా ఉండలేకపోయింది. నిర్మల చదివి, పెదవి బిగించి అడిగింది. "ఈయనే అని ఎట్ల తెలుసక్కా?"

"ఫొటో ఉంది. పైంగ తాళమేసి వచ్చింది. మీరే చెప్తిరి, ఎవ్వరు సదువలేరని."

"ఎవ్వరు సదువలేరన్న. ఎవరు రాసిండ్రో చెప్తదని అన్లే! నీ పెట్టెల ఎవరన్న చీటీ ఏసి కింద రాంచంద్ర అని రాస్తే, పెట్టెకు తెలుస్తదా? దొంగ ఏసిన చీటీ గూడ అండ్ల భద్రంగనే ఉంటది."

ఉమారాణి ముఖంలో నవ్వు మాయమైంది. "మరి రాసింది ఎవరో తెలుసుడెట్ల?"

"దానికి డిజిటల్ సంతకమని ఉంటది. మొన్న చెప్పినదానికి ఉల్టా. ఆయన తన లోపలి చెవితోని మెసేజ్ మీద ఒక గుర్తు చేస్తడు. గది ఇంకెవ్వరు చెయ్యలేరు. ఆయన పబ్లిక్ కీ అందరి కాడ ఉంటది గదా, దాంతోని ఆ గుర్తు అసలుదో కాదో ఎవరైన పరీక్ష చేయొచ్చు. కాయితం మీద సంతకమైతే పైన రాతను మార్చొచ్చు. ఈ గుర్తు గా మాటలకే అతుక్కొని ఉంటది. ఒక్క అక్షరం మార్చినా తప్పని తేలిపోతది. యాప్ లోపల ఇంకా మెలికలున్నయి గని, అసలు సంగతి గిదే."

"అయితే కొత్త నంబర్‌ల గూడ సంతకం ఉంటది గదా?"

"ఉంటది. ఆ కొత్త నంబర్ ఎవరిదో వాళ్లదే ఉంటది! అందుకే గా పబ్లిక్ కీ నిజంగ ఆయనదేనా అని ఒక్కసారి తెలుసుకోవాలె. ఇద్దరు ఎదురెదురుగ కూసొని, ఫోన్ల ఉండే కోడ్‌ను ఒకల్లది ఒకలు స్కాన్ చేసుకోవాలె. దానికి లెక్కలు పనికిరావు, మనిషే ఎదురుంగ ఉండాలె."

రాంచంద్ర తిరిగొచ్చిన రోజున ఉమారాణి షాపు మూసి నేరుగా డిపో ఎదుటి చాయ్ హోటల్‌కు వెళ్లింది. ఆయన జేబులో పాత ఫోనే ఉంది, నీటి చుక్క కూడా తగల్లేదు. కొత్త నంబర్ మెసేజ్‌లు చూపించింది. రాంచంద్ర కళ్లద్దాలు పెట్టుకుని తన పేరుతో వచ్చిన కవిత్వమంతా నిదానంగా చదివాడు.

"హృదయం తహతహ... నేను గింత మంచిగ రాస్తనా?"

"అవ్, నాకు గూడ అనుమానమైంది."

చాయ్ గ్లాసులు పక్కకు జరిపి, ఆయన ఫోన్‌లోని గళ్ల గుర్తును ఆమె, ఆమె ఫోన్‌లోని దాన్ని ఆయన స్కాన్ చేసుకున్నారు. రెండు తెరల మీదా సరిపోయిందని టిక్కు పడింది. బల్లకు అటువైపున్న కండక్టర్లు పైసలు పంపించుకుంటున్నారేమో అనుకున్నారు.

"పోలీసులకు చెప్దాం రాణీ. సైబర్ నేరం గిది," అన్నాడు రాంచంద్ర, ముఖం ఎర్రబడి.

"జర ఆగుండ్రి. పోలీసులొస్తే మజా ఏముంటది? నాకు వదిలిపెట్టుండ్రి."

ఆమెకు అప్పటికే గిన్నెల మోత గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లి కొత్త నంబర్‌కు రాసింది: 'ఏం చెప్పాలె డ్రైవర్ సాబ్, మా వదిన చాపల పులుసు చేస్తే సముద్రం తాగినట్టే. చేతికొచ్చినంత ఉప్పు ఏస్తది.'

మరునాడు కమలమ్మ రవ్వ చేపల పులుసు వండింది. ఉమారాణి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు కణం కూడా లేదు. కమలమ్మ ఎదురుగా నిలబడి గరిటె తిప్పుతూ అంది, "ఎట్లుంది? ఉప్పు ఎక్కువ కాలే గదా?"

ఉమారాణికి పొలమారింది. నీళ్లు తాగి, చెంగుతో కళ్లు ఒత్తుకుని, "అమృతం లెక్కుంది వదినా," అని మేడ మీదికి పరుగెత్తి తలుపేసుకుని దిండులో మొహం పెట్టి నవ్వింది.

తర్వాత విచారిస్తే తేలింది ఏమంటే, శివయ్య తుక్కుగూడ వెంచర్ కోసం తీసుకుని అలమారలో పడేసిన రెండో ఫోనే కమలమ్మ ఆయుధం. డ్రైవర్ సాబ్ ఎవరో ఎరువుల దుకాణం వాళ్లను అడిగి తెలుసుకుంది; డిపో సన్మానం ఫొటో ఊరి గ్రూపుల్లో తిరిగింది కాబట్టి అది సులువుగానే దొరికింది. మాటలు సీరియళ్ల నుంచి తెచ్చుకుంది.

ఇక ఉమారాణి చేతికి పగ్గం దొరికింది. 'మా వదిన పచ్చచీర కడితే లక్ష్మీదేవే' అని రాస్తే, పాలవాడు వచ్చే వేళకే కమలమ్మ పచ్చ పట్టుచీరలో వాకిలి ఊడ్చేది. 'సీరియల్ సప్పుడుకు నాకు తలనొప్పి' అని రాస్తే టీవీ గొంతు తగ్గేది. రాంచంద్రకు ఈ సంగతులన్నీ పూటపూటా అందేవి. ఆయన బస్సు నడుపుతూ తనలో తానే నవ్వుతుంటే, ప్రయాణికులు ముందు సీట్లలో కూర్చోవడానికి జంకారు.

కొంచెం ధైర్యం వచ్చాక ఉమారాణి అసలు వల వేసింది. 'మన పెండ్లి ముచ్చట మా అన్నకు చెప్పాలంటే భయమైతుంది. మా వదిన ఒక్కతే ఒప్పియ్యగలదు. ఆమె మనసు ఎట్లాంటిదంటరు?'

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. రాస్తూ ఉన్నట్టు చూపించింది, ఆగింది, మళ్లీ చూపించింది. చివరికి వచ్చింది: 'మీ వదిన దేవత. ఆమె మనసు వెన్న. భయపడకుండా చెప్పు.'

ఉమారాణి మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే మరో మెసేజ్ వచ్చింది.

'కానీ నువ్వు మీర్‌పేట్‌కు వచ్చేస్తే మీ వదినకు తోడెవరు? పగలంతా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఎట్లా ఉంటుంది?'

ఉమారాణి దాన్ని చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్లూ వదినది ఊరి వార్తల మీద ఆకలి అనుకుంది. కూతురు వెళ్లిపోయాక ఆమెతో పగలు మాట్లాడే మనిషి తను తప్ప లేదన్న సంగతి, మేడ మీద నుంచి రోజూ కిందికి దిగుతున్నా తట్టలేదు. ఆమెకు ఇక ఆట మీద మనసు పోయింది. ఫోన్ మంచం మీదే వదిలేసి కిందికి వెళ్లింది.

కమలమ్మ వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కొంగు కింద ఏదో దాచుకుంది. ఉమారాణి పక్కన కూర్చుని తానూ ఒక కాయ అందుకుంది.

"మీర్‌పేట్ ఎంత దూరం వదినా? బస్సెక్కి కునుకు తీసేలోపల దిగుతం. నా షాపు ఈడనే ఉంటది. రోజూ వస్త. పగటిపూట బువ్వ నీ కాడనే తింట. నువ్వు ఒక్కదానివి ఎందుకుంటవు?"

"గదే నా బాధ ఉమా, నువ్వు పోతే..." అని మొదలుపెట్టి కమలమ్మ ఠక్కున ఆగింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నేను గది... నిన్ను అడగలే గదా?"

"నువ్వు అడగలే. నా కోసం హృదయం తహతహలాడేటాయన అడిగిండు."

కమలమ్మ మొహంలో రంగులు మారాయి. ముందు కోపం తెచ్చుకోవాలని చూసింది, అది రాలేదు. తర్వాత ఏడవాలని చూసింది, అదీ కుదరలేదు. చివరికి కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగాయి. ఇద్దరూ ఈనెల మీద పడి నవ్వారు.

"ఎప్పుడు తెలిసిందే నీకు?"

"ఉప్పులేని పులుసు తిన్ననాడు."

"దొంగముండా! అంటే గా లక్ష్మీదేవి ముచ్చట గూడ అబద్ధమేనా?"

"గదొక్కటి నిజం."

కాసేపటికి కమలమ్మ నవ్వు తగ్గి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తప్పే చేసిన. నువ్వు తాళమేసుకుంటే, నన్ను ఇంట్లకెళ్లి బయటికి పంపినట్టయింది," అంది చిన్నగా. ఉమారాణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చాయ్ హోటల్లో కోడ్ కలిపి టిక్కు వేసుకున్న సంగతి చెప్పింది, తన తాళం మాత్రం తీసేయనని కూడా చెప్పింది. "నువ్వడుగు, నేను చెప్త. కానీ సదువుడు బంద్."

"సరే. మరి నా అసలు ఫోన్‌ల గూడ గా టిక్కు కొట్టు. నా పేరు మీద ఎవరన్న నీకు పిచ్చి రాతలు రాస్తే?"

వంటింటి గడపలో, చిక్కుడు ఈనెల మధ్య, ఉమారాణి మేడ మీంచి తెచ్చిన ఫోన్, కమలమ్మ ఫోన్ ఎదురెదురుగా పెట్టి కోడ్ కలుపుకున్నారు.

శివయ్యను ఒప్పించే పని కమలమ్మ తన మీద వేసుకుంది. మూడు పూటలు మెత్తగా, ఒక పూట గట్టిగా చెప్పింది. అంతలో ఆయనకు వేరే తలనొప్పి వచ్చిపడింది. వెంచర్ నంబర్‌కు మెసేజ్ పెట్టిన వాళ్లంతా, ప్లాటు ధర అడగడం మానేసి, శ్రీశైలం బస్సు ఎన్ని గంటలకని ఎందుకు అడుగుతున్నారో ఆయనకు అర్థం కాలేదు; కమలమ్మ పెట్టిన డ్రైవర్ ఫొటో దానికి ఇంకా అలాగే ఉంది. ఆ చికాకులో పెళ్లికి సరే అనేశాడు.

రిజిస్టర్ ఆఫీసులో దండలు మార్చుకున్నాక రాంచంద్ర వంగి దండం పెట్టబోతే, కమలమ్మ సిగ్గుపడి రెండడుగులు వెనక్కి వేసింది. ఇన్నాళ్లు ఆయన పేరుతో మాట్లాడిన మనిషికి ఆయన ఎదుట మాట రాలేదు. చివరికి ఉండబట్టలేక అంది, "అన్నా, ఏమనుకోకు. నీ కన్న నేనే మంచిగ రాసిన."

"అవ్ చెల్లె. గవన్నీ దాచుకున్న. పండుగకో పబ్బానికో ఒక్కొక్కటి నా నంబర్‌కెళ్లి పంపుత," అన్నాడు రాంచంద్ర.

ఇప్పుడు ఉమారాణి పొద్దున మీర్‌పేట్ నుంచి వస్తుంది, సాయంత్రం వెళుతుంది. శివయ్య మాత్రం ప్లాటు చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ, చెల్లెలికి ఈ సంబంధం డిపో అంతా వెతికి తనే కుదిర్చానని చెబుతాడు. పక్కనే కూర్చుని చాయ్ పోసే కమలమ్మ, అవునవునని తలాడిస్తూ చక్కెర కలుపుతుంది.